బీరు వ్యాపారముద్రల సంగ్రహము – దాని చారిత్రక ప్రామాణ్యము

శిలాశాసనములు, తామ్రపత్రములు, నాణెములు, తాళపత్రగ్రంథములు చరిత్రకు ముఖ్యప్రమాణములని పండితులెల్లరు నంగీకరించుచున్నారు. వీనిలో ననేకములు చిరకాలము నిలుచుటకే నిర్మింపబడినవి. దానమిచ్చిన రాజు తన ధర్మము ఆచంద్రార్కము నిలువవలెనని కోరి రాతిమీదను రాగిరేకులమీదను వ్రాయించెను. అట్టి కోరిక యేమాత్రమును లేక, ఒకటి రెండు దినములు పనిచేసి పాఱవేయబడుటకే పుట్టిన వ్రాతలు మఱియొక తెగ కలవు. సీసాల కంటించు చీటీలు, రేకుడబ్బాలమీది ముద్రలు, మూతలు, గ్లాసుల క్రింద నుంచు అట్టబిళ్లలు ఈ తెగలోనివి. ఐరోపాఖండమునను అమెరికాలోను బీరు కాచి యమ్మువారి పేరులతో వెలువడిన యిట్టి వస్తువులను బ్రోగుచేయుట ఇరువదవ శతాబ్దమున నొక వినోదవ్యాసంగముగా మిక్కిలి వ్యాపించెను. ఆంగ్లమున నీ వస్తువుల కన్నింటికి బ్రూవరియానా యని పేరు.

ఈ వ్యాసంగమును గూర్చి విన్నవారు రెండు విధముల నాక్షేపింతురు. మద్యమునకు సంబంధించిన వస్తువులను దాచుట మద్యమును గౌరవించుటయే యని మొదటి యాక్షేపము. చెత్తకుప్పలో జేరవలసిన కాగితమును దాచినంతమాత్రమున నది విద్య కాజాలదని రెండవది. ఈ రెండును ద్రోసిపుచ్చదగినవి కావు. వీనికి సమాధానము చెప్పవలెనన్నచో ఈ వస్తువు లెట్లు పుట్టినవో, వానిమీది వ్రాత యేమి చెప్పుచున్నదో, ప్రోగుచేసినవారు దాని నెట్లు చదివిరో ముందుగా విచారింపవలసియున్నది.

ముద్ర పుట్టుక

బీరు మొలకెత్తించి యెండబెట్టిన యవలనుండి కాయబడు పానీయము. పూర్వకాలమున ఇంగ్లండులో నిది కొయ్యపీపాలలో నమ్మబడుచుండెను. పీపామీద నెఱ్ఱగా గాల్చిన యినుముతో యజమాని గుర్తును వాతవేసెడివారు. వ్యాపారముద్రకు నేడు లోకమంతట వాడబడుచున్న బ్రాండు అను మాటకు మూలార్థము ఆ కాల్పువాతయే. కాని కొనువాడు పానశాలలో గిన్నెలో బోయించుకొని త్రాగును. పీపా వానికంట బడదు. కావున ఆ వాత వర్తకునకును బండ్లు తోలువానికిని దెలియునుగాని త్రాగువానికి దెలియదు.

ట్రెంటునది యొడ్డున బర్టను అను పట్టణము కలదు. అచటి భూగర్భజలమున జిప్సమను ఖనిజము కఱగియుండుటచే లేతరంగుగల చేదుబీరు కాచుటకు ఆ నీరు మిక్కిలి యనుకూలించెను. సరకులను బండ్లమీద చేరవేయు వృత్తిలోనుండిన విలియం బాసు అనునతడు 1777వ సంవత్సరమున నచట నొక బీరుబట్టీ స్థాపించెను. బర్టను బీరు మొదట బాల్టికుసముద్ర మార్గమున రష్యాకు విశేషముగా బోవుచుండెను. 1822లో రష్యా ప్రభుత్వము సుంకములను హెచ్చింపగా నా బేరము చెడెను. బర్టను వర్తకులు క్రొత్త విపణిని వెదుకుకొనవలసివచ్చెను.

ఆ విపణి హిందూదేశమే. లండను తూర్పుభాగమున బో అనుచోట హాడ్జ్‌సను వంశమువారి బట్టీ యుండెను. ఈస్టిండియా కంపెనీ యోడలు బయలుదేరు రేవునకు నది సమీపము. హాడ్జ్‌సనులు ఓడల నాయకులకు దీర్ఘకాలపు టప్పుమీద సరకిచ్చి కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల బీరువ్యాపారము నించుమించుగ తమచేతిలో నుంచుకొనిరి. వారి యొంటెత్తుపోకడ నచ్చక కంపెనీ డైరెక్టరగు క్యాంబెలు మార్జోరీబ్యాంక్సు అనునతడు బర్టనులోని శామ్యూలు ఆల్సపునకు హాడ్జ్‌సనుల బీరు రుచిచూపి, అట్టిదానిని కాచి పంపుమని ప్రోత్సహించెను. ఆల్సపును అనుసరించి బాసువారును ఈ వర్తకమున దిగిరి. ఆంగ్లదేశపు బీరు రకములలో నొకదాని పేరునకు ముందు ఇండియా యను మాట నేటికిని నిలిచియుండుటకు ఈ వర్తకమే కారణము. మద్రాసు రేవున దిగిన పీపాలు తెల్లదొరల పటాలములకును కచేరీల కొలువులోని యాంగ్లేయులకును జేరెడివి.

1845లో గాజుమీది సుంకమును, 1861లో కాగితముమీది సుంకమును బ్రిటిషు ప్రభుత్వము తొలగించెను. సీసాయు చీటియు రెండును చౌకయయ్యెను. అప్పటినుండి కాచినవాని గుర్తు పీపాను వదలి సీసామీదికి వచ్చి త్రాగువానితో సూటిగా మాటాడసాగెను. బాసువారు లేతబీరు చీటిమీద నెఱ్ఱని త్రిభుజమును, గాఢమైన బీరు చీటిమీద పేకముక్కలలోని డైమనువంటి యెఱ్ఱని యాకృతిని ముద్రించిరి. చదువురానివాడును, పరభాష తెలియనివాడును గుర్తుపట్టుటకు ఈ యాకృతులు చాలియుండెను. వేంగీచాళుక్యుల తామ్రశాసనముల కడియములమీది ముద్రలలో వరాహమును శ్రీత్రిభువనాంకుశ యను బిరుదమును గన్పట్టుట పండితులకు విదితమే. బిరుదమును చదువనేరనివాడు సైతము వరాహమును జూచి యది రాజశాసనమని గ్రహింపగలడు. ఎఱ్ఱత్రిభుజము చేసిన పనియు నిట్టిదే.

చట్టమును, చిత్రమును

గుర్తునకు విలువ కలిగినతోడనే దొంగగుర్తులు పుట్టినవి. రంగును ఆకృతిని గొంచెము మార్చి, దూరమునుండి చూచువాని కన్ను మోసపోవునట్లు చేసిన చీటీలు స్వదేశమునను విదేశములందును వెలువడెను. ఇట్టి మోసములనుండి వర్తకులను గాపాడుటకై 1875లో పార్లమెంటు వ్యాపారచిహ్నముల నమోదు చట్టమును జేసెను. 1876 జనవరి 1వ తేదీనుండి నమోదు ప్రారంభమయ్యెను. మొదటి సంఖ్యగా జేరినది బాసువారి యెఱ్ఱత్రిభుజము. రెండవ సంఖ్యయు వారిదే. మొదటిస్థానమునకై కంపెనీ యుద్యోగి యొకడు ముందటి రాత్రియంతయు కార్యాలయపు వాకిట గాచియుండెనని యొక యైతిహ్యము కలదు. ఐతిహ్యము మాట యెట్లున్నను రిజిస్టరులోని సంఖ్య మాత్రము నిర్వివాదము.

అటుపిమ్మట నాఱేండ్లకు, 1882లో, ఫ్రెంచి చిత్రకారుడగు ఎద్వార్ మానే ఫోలీ బెర్జేరు అను పారిసు వినోదశాలలోని పానఫలకమును చిత్రించెను. ఆ చిత్రము లండనులోని కోర్టాల్డు చిత్రశాలలో నున్నది. అమ్మకపుటువతి యెదుట చలువరాతి బల్లమీద నిలిపిన సీసాలలో ఎఱ్ఱత్రిభుజము గలవి స్పష్టముగ గాన్పించుచున్నవి. ఎడమవైపున నున్న మఱియొక సీసా చీటిమీదనే చిత్రకారుడు తన పేరును సంవత్సరమును వ్రాసెను. చిత్రకళాకోవిదులు దీనియందలి యద్దపు ప్రతిబింబమును గూర్చి యెన్నియో చర్చలు చేసిరి. చీటీలను బ్రోగుచేయువాడు మాత్రము దానిలో మఱియొక విశేషమును జూచును. కాలము నిశ్చయముగ దెలిసిన చిత్రములో నొక చీటి రూపము దొరకినది. తేదీలేని చీటీల వరుసలో నిది యొక స్థిరమైన మెట్టు. బర్టను బీరు 1882 నాటికి పారిసు వినోదశాలల బల్లమీదికి జేరియుండెననుటకును నిది సాక్ష్యము.

డబ్లినులోని గిన్నిసువారి గుర్తు హార్పు అను తంత్రీవాద్యము. బ్రియను బోరు రాజు పేర వ్యవహరింపబడుచు ట్రినిటీ కళాశాలలో నున్న ప్రాచీనవాద్యము దీనికి మాతృక. ఈ గుర్తు 1876లో నమోదయ్యెను. 1922లో ఏర్పడిన ఐరిషు స్వతంత్రరాజ్యము తన లాంఛనముగా నదే వాద్యమును గ్రహించెను గాని, రాజ్యపు హార్పు బీరుకంపెనీ హార్పునకు ఎదురుదిశగా దిరిగియున్నది. సాధారణముగా వర్తకుడు రాజలాంఛనమున కడ్డురాకుండ దన గుర్తును దిద్దుకొనును. ఇచట వర్తకుని గుర్తు ముందుపుట్టి రాజ్యలాంఛనము వెనుక పుట్టినది.

అడుగుపంక్తి

చీటీలలో నత్యంతము విలువగల భాగము త్రిభుజమును గాదు, హార్పును గాదు. అది అడుగున సన్నని యక్షరములతో నుండు పంక్తి. ఇందులకు గారణము వివరింపవలసియున్నది.

చిరకాలము గిన్నిసువారు తమ బీరును తామే సీసాలలో నింపి యమ్మలేదు. డబ్లినునుండి పీపాలలో బోయిన బీరును ఊరూరి వర్తకులు కొని, తమ సీసాలలో నింపి యమ్మెడివారు. ఆ సీసాల కంటింపవలసిన చీటీలను కంపెనీయే ముద్రించి, నింపువాని పేరును ఊరిపేరును అడుగున జేర్చి పంపుచుండెను. ఎవరి సరకు కల్తీయైనను చీటినిబట్టి వానిని బట్టుకొనుటకు వీలగుట ఈ యేర్పాటునందలి ప్రయోజనములలో నొకటి. బాసువారి చీటీలయందును నింపువారి పేరులు గన్పట్టును. అందుచేత చీటి పైభాగమంతయు వేలకొలది ప్రతులలో నొక్కటియే. క్రింది పంక్తి మాత్రము వేఱు వేఱు.

శాసనములు చదివినవారికి ఈ నిర్మాణము క్రొత్తదికాదు. ఒకే రాజు వేయించిన పెక్కు తామ్రశాసనములలో వంశప్రశస్తి యించుమించుగ నొకే పాఠముతో నుండును. ప్రతిగ్రహీత పేరు, గోత్రము, గ్రామము, పొలిమేరలు మాత్రము మాఱును. ప్రశస్తి రాజవంశచరిత్రకు బనికివచ్చును. దేశచరిత్రకు బనికివచ్చునది పొలిమేరల భాగము. అట్లే బీరుచీటియందలి హార్పు కంపెనీచరిత్ర, అడుగుపంక్తి ఊరిచరిత్ర. ఐర్లండులోని యొక చిన్నయూరి పచారీవర్తకుడు, ఇంగ్లండులోని రేవుపట్టణపు సరాయి యజమాని, భర్త మరణించిన పిదప తన పేరనే వ్యాపారము సాగించిన వితంతువు: ఇట్టివారి యునికికి ముద్రితసాక్ష్యము కొన్నియెడల ఆ పంక్తి యొక్కటియే కావచ్చును.

అందము గోరి ప్రోగుచేయువాడు ఇట్టి చీటీలలో నొక్కదానిని దాచి తక్కినవానిని ఒకే రకమని పాఱవేయును. చదువగోరి ప్రోగుచేయువాడు అన్నింటిని దాచి, ఊరుల వరుసనో కాలపు వరుసనో కూర్చుకొనును. 1950వ దశాబ్దపు చివరను ఇంగ్లండులో చీటీల సంగ్రాహకులు సంఘముగా నేర్పడి తమ వ్యాసంగమునకు లేబాలజీ యని శాస్త్రమువంటి పేరు పెట్టుకొన్నప్పుడు చూచినవారు నవ్వియుందురు. అడుగుపంక్తిని చదువ నేర్చినవారియెడల నా పేరు పరిహాసాస్పదము కాదు.

మూతలును అట్టబిళ్లలును

చీటితోబాటు మఱి రెండువస్తువులు సంగ్రాహకుల కోరికకు బాత్రములయ్యెను. అమెరికాలోని బాల్టిమోరు నగరమున విలియం పెయింటరు అను యంత్రశిల్పి 1892లో అంచున పండ్లుగల రేకుమూతకు పేటెంటు పొందెను. మొదట ఆ మూతకు 24 పండ్లుండెను. తరువాతి కాలమున 21 పండ్లు గల మూత రూఢమయ్యెను. మూతలోపల మొదట బెండుపొర యుండెను. తరువాత ప్లాస్టికుపొర వచ్చెను. మూతను తిరుగవేసి లోపలిభాగమును జూచుట కాలనిర్ణయమునకు మొదటి మెట్టు.

గ్లాసు క్రింద నుంచు అట్టబిళ్ల జర్మనీదేశమున బుట్టెను. అంతకుముందు పానశాలలలో ఉన్నిగుడ్డ బిళ్లలు వాడబడుచుండెను. అవి తడిసి మలినములై మరల మరల వాడుకలోనికి వచ్చెడివి. 1880లో మాగ్డెబర్గులోని ఫ్రీడ్రిషు హార్ను ముద్రణాలయమునుండి అట్టబిళ్లలు వెలువడెను. 1892లో డ్రెస్డెనులోని రాబర్టు స్పూటు కొయ్యగుజ్జుతో బిళ్లలను జేయు విధమునకు పేటెంటు పొందెను. నీటిని పీల్చు మెత్తని బిళ్ల చౌకగా వచ్చుటతో బీరువర్తకులు దానిమీద తమ ముద్రలను వేయించి యూరక పంచిపెట్టిరి. ఇంగ్లండున వాట్నీ కంపెనీ 1920లో వీనిని బ్రవేశపెట్టెను. వీనిని బ్రోగుచేయు విద్యకు లాటినుభాషలో చాప యని యర్థమిచ్చు తెగెస్ అను పదమునుండి టెగెస్టాలజీ యను పేరు గల్పింపబడెను. తాగువాడు బిళ్ల వెనుకభాగమున లెక్కలు వ్రాసికొనుట, పందెములు గుర్తువేసికొనుట కలదు. శుభ్రమైన బిళ్లలనే కోరువాడు ఇట్టివానిని దోషయుక్తములని త్రోసివేయును. చరిత్రకారునికి ఆ పెన్సిలు గీతలే యెక్కువ ప్రియములు.

రేకుడబ్బా కాలనిర్ణయము

ఈ వస్తువులన్నింటిలోను కాలనిర్ణయమున కెక్కువ తోడ్పడునది రేకుడబ్బా. అమెరికాలో 1920 జనవరినుండి 1933 డిసెంబరు వరకు మద్యనిషేధము రాజ్యాంగబద్ధముగా నమలులో నుండెను. అప్పుడు మూతబడిన బట్టీలలో పెక్కులు మరల దెఱవబడలేదు. నిషేధము తొలగిన కొలదికాలమునకు, 1935 జనవరి 24వ తేదీని, వర్జీనియా రాష్ట్రములోని రిచ్‌మండు నగరమున న్యూఆర్కు పట్టణపు క్రూగరు కంపెనీ తన బీరును రేకుడబ్బాలలో నమ్మజూపెను. డబ్బాలను జేసినది అమెరికన్ క్యాన్ కంపెనీ. లోహము తగిలి బీరు రుచి చెడకుండ లోపల నొక పూతవేయుటను ఆ కంపెనీ సాధించెను.

కొనువారికి రేకుడబ్బానుండి త్రాగుట క్రొత్త. కావున తొలిడబ్బాలమీద వానిని దెఱచు విధానము బొమ్మతోగూడ ముద్రింపబడెను. జనులు నేర్చుకొన్న పిదప ఆ బొమ్మ మాయమయ్యెను. అదే యేట మఱియొక కంపెనీ సీసామెడవంటి శిరస్సుగల డబ్బాను దెచ్చెను. సీసాలు నింపు పాతయంత్రములమీదనే దానిని నింపవచ్చును గనుక చిన్నబట్టీలవారు దానిని మిక్కిలి యాదరించిరి. దేశాంతర్గతపన్ను చెల్లింపబడినదని తెలుపు వాక్యము 1950 మార్చివరకు డబ్బాలమీద నుండెను. రెండవ ప్రపంచయుద్ధమున రేకు కొఱవడి 1942 మొదలు 1947 వరకు సామాన్యజనులకు డబ్బాబీరు దొరకలేదు; సైనికులకు బంపిన డబ్బాలు ఆకుపచ్చని మాటురంగు పూయబడి, పన్ను మినహాయింపు వాక్యముతో గన్పట్టును. 1962లో డబ్బాతలమీద లాగివేయు ఉంగరపు మూత వచ్చెను. ఆ యుంగరములు వీథులయందును సముద్రతీరములందును బడి పాదములను గోయుచుండుటచే 1975లో డబ్బాకే యంటియుండు మూత వెలువడెను. 1988 చట్టము ననుసరించి 1989 నవంబరునుండి మద్యమువలని హానిని దెలుపు ప్రభుత్వపు హెచ్చరిక ప్రతి డబ్బామీదను జేరెను.

ఈ గుర్తులను దెలిసినవాడు తేదీలేని డబ్బాకు పైయెల్లను క్రిందియెల్లను నిర్ణయింపగలడు. చదునైన తల గలిగి, ఉంగరము లేక, పన్ను వాక్యముగల అమెరికను బీరుడబ్బా యొకటి పాడుపడిన గనికూలీల పాళెములో దొరకినదనుకొందము. అది 1935కు ముందు చేయబడినది కానేరదు. 1950 తరువాత చేయబడియుండుటయు సంభవింపదు. అది పడియున్న పొర అంతకంటె బూర్వపుది కాజాలదు. లిపినిబట్టి శాసనకాలమును నిర్ణయించు పద్ధతికిని దీనికిని భేదము లేదు. 1993లో డేవిడ్ మాక్స్‌వెలు అను పురావస్తువేత్త అమెరికా చారిత్రక పురావస్తుపత్రికలో బీరుడబ్బాలనుబట్టి కాలనిర్ణయము చేయు విధమును దన తోడిశాస్త్రజ్ఞులకొఱకు వివరించెను. అందలి జ్ఞానమునకు పునాది వేసినవారు విశ్వవిద్యాలయములవారు కారు. పాతకుప్పలను ద్రవ్వి, తుప్పును ఆక్జాలికామ్లముతో గడిగి, ఒక డబ్బాను మఱియొకదానితో బోల్చి పట్టికలు వ్రాసికొనిన సామాన్యసంగ్రాహకులే.

ధరయు, విలువయు

1970లో సెంటులూయీ నగరమున అమెరికా బీరుడబ్బాల సంగ్రాహకుల సంఘము స్థాపింపబడెను. ఆ దశాబ్దమున ఈ వ్యాసంగము దేశమంతట వ్యాపించి, బీరు త్రాగు వయస్సు రాని బాలురు సైతము రోడ్ల ప్రక్కల డబ్బాలు వెదుకసాగిరి. ఇందులకొక కారణము కలదు. అమెరికాలోని చిన్నబట్టీలు పెద్దకంపెనీల పోటీకి దాళలేక యొకటితరువాత నొకటి మూతబడుచుండెను. 1978 నాటికి మిగిలినవి నూటికి లోబడెను. ఊరిబట్టీ పోగా నూరిపేరు నిలిచినచోటు డబ్బా యొక్కటియే. నశించుచున్నదానిని బట్టుకొనవలెనను తపన ఆ బాలురయందును గలిగినది.

తపనవెంట దురాశయు వచ్చెను. 1977లో, జిమ్మీ కార్టరు అధ్యక్షుడుగ నున్నకాలమున, అతని తమ్ముడు బిల్లీ కార్టరు పేర నొక బీరు వెలువడెను. దానిని మొదట కాచినది లూయీవిల్లులోని ఫాల్సు సిటీ కంపెనీ. అధ్యక్షుని తమ్ముని పేరుగల డబ్బా ముందుముందు వేలధర పలుకునని తలచి జనులు దానిని పెట్టెలకొలది దాచిరి. అందఱును దాచిరి గనుక నది యేనాటికిని దుర్లభము కాలేదు. నేటికిని దాని ధర యత్యల్పము. ఎవరును దాచవలెనని తలపక త్రొక్కివేసిన తొలినాటి శంకుశిరస్సుల డబ్బాలే నిజముగా దుర్లభములయ్యెను. దాచుటకొఱకే చేయబడినది సాక్ష్యము కాదనియు, పాఱవేయబడినదే సాక్ష్యమనియు ఈ వృత్తాంతము బోధించుచున్నది.

ధర పెరిగినచోట కూటశాసనములు పుట్టుట సహజము. పాత బట్టీల పేరులతో క్రొత్తగా నచ్చొత్తిన రేకుపళ్లెరములు, కావలెనని తుప్పుపట్టించిన ప్రకటనఫలకములు అంగళ్లలోనికి వచ్చెను. సంగ్రాహకులు వీనిని బరీక్షించు విధమును శాసనపరిశోధకుల విధమే: అక్షరరూపము, ముద్రణపద్ధతి, లోహము, కంపెనీపేరు కాలమున కొప్పియుండుట. 1920కి ముందటిదని చెప్పబడిన పళ్లెరమున 1935కు బుట్టిన డబ్బా బొమ్మయున్నచో వేఱు పరీక్ష యక్కఱలేదు.

కాని కూటవస్తువుకంటె హెచ్చుహాని సంగ్రాహకుని చేతిలోనే జరుగుచుండును. సీసాను నీట నానవేసి చీటిని లాగి పుస్తకమున కంటించువాడు సీసాను బాఱవేయును. సీసా యడుగున గాజుకార్ఖానా గుర్తుండును, అది పోయినది. ఏయూరిలో, ఏయింటి యటుకమీద, ఏ వస్తువులతో గలిసి దొరకెనో వ్రాసికొననిచో నదియు బోయినది. గుడినుండి యూడదీసి తెచ్చిన శాసనఫలకము, ఏగుడిదో తెలియనిచో, సగము మూగయైనట్లు చీటియు మూగవోవును. కావున ఈ వ్యాసంగము విద్య యగునా కాదా యనునది దాచిన వస్తువుల సంఖ్యనుబట్టి తేలదు. ప్రక్కన వ్రాసిపెట్టిన రెండుపంక్తులనుబట్టి తేలును.

ఒక్కని యింటిలోని సంగ్రహము వానితోనే చెదరిపోవును. సంస్థల సంగ్రహములైనను శాశ్వతములని చెప్పరాదు. బర్టనులో బాసువారి వస్తుప్రదర్శనశాల 1977లో దెఱవబడెను, 2008లో మూతబడెను, ప్రజల యాందోళనమువలన 2010లో వేఱుపేరుతో మరల దెఱవబడి, 2022లో మరల మూతబడెను. మొదటి సంఖ్యగల వ్యాపారచిహ్నము పుట్టిన పట్టణముననే దాని చరిత్ర కిట్టి గతి పట్టినప్పుడు, సామాన్యుల పెట్టెలలోని చీటీల మాట చెప్పనేల? అందుచేతనే సంగ్రాహకసంఘములు ప్రచురించు పట్టికలును బొమ్మలును వస్తువులంత ముఖ్యములు. వస్తువు నశించినను పాఠము నిలుచును.

మొదటి యాక్షేపమునకు సమాధానము

మద్యవస్తువులను దాచుట మద్యమును గౌరవించుటయే యను మాట తెలుగుదేశమున దేలికగా ద్రోసివేయదగినది కాదు. మద్రాసు ప్రభుత్వము 1937 అక్టోబరు 1వ తేదీని సేలముజిల్లాలో మద్యనిషేధమును బ్రారంభించి, మఱుసటియేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. 1980వ దశాబ్దమున ఆంధ్రప్రదేశమున వారుణివాహిని యను పేర సారా పొట్లములలో నమ్మబడెను. అక్షరాస్యతోద్యమమున జదువు నేర్చిన నెల్లూరుజిల్లా స్త్రీలు 1992లో దూబగుంటలో సారాయంగడిని మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరున సారానిషేధమునకును, 1995 జనవరి 16వ తేదీని సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. 1997లో సంపూర్ణనిషేధము సడలింపబడెను.

ఈ చరిత్రను వ్రాయువానికి ఏయే సాక్ష్యములు గావలెను? ప్రభుత్వపు టుత్తరువులు గావలెను; పత్రికలు గావలెను; ఆ స్త్రీలు చదివిన వాచకము గావలెను. అంతియకాదు, కూలిడబ్బులతో గొనబడి, త్రాగి వీథిలో బాఱవేయబడిన పొట్లమును గావలెను. దానిమీది ముద్ర, కొలత, ధర, జిల్లాపేరు ఏమున్నను అది యా బాధకు ప్రత్యక్షసాక్షి. వాచకమును దాచి పొట్లమును బాఱవేసిన చరిత్రకారుడు వ్యాజ్యములో వాదివైపు పత్రములను మాత్రమే చదివినవానితో సమానుడు. అమెరికను డబ్బాలమీది 1989 నాటి హెచ్చరికయు ఇట్టిదే. మద్యమునకు విరుద్ధమైన వాక్యము మద్యపు డబ్బామీదనే దొరకుచున్నది. దాచుట గౌరవించుట కాదు. నేరస్థుని చేవ్రాతను న్యాయస్థానము భద్రపఱచుట వానిని మన్నించుటకు గాదుగదా.

రెండవ యాక్షేపమునకు వేఱుగ సమాధానము చెప్పనక్కఱలేదు. చెత్తలో జేరవలసిన కాగితమనునది నిజమే. తాళపత్రములు గూడ నొకప్పుడు పొయ్యిలోనికి బోయినవే. రాగిరేకులు బిందెలుగా మాఱినవే. వానిని రక్షించినవారు వానిలో వ్రాతను జూచిరి. పోగొట్టినవారు ఆకును రాగిని జూచిరి. బీరుచీటియందు త్రిభుజమును మాత్రము చూచువాడు వినోదపరుడు. అడుగుపంక్తిని జదివి, ఆ యూరిపేరును, దొరకిన తావును, దొరకిన దినమును బ్రక్కన వ్రాసిపెట్టువాడు, తాను తలపెట్టకున్నను, చరిత్రకు లేఖకుడగుచున్నాడు.